మంచి సమరయుని జేబులో సొమ్ము

ఒకే బైబిలును చదివిన ప్రధానమంత్రికీ బిషప్పులకూ మధ్య, పేదవాని విషయమై బ్రిటన్‌లో చెలరేగిన వాదం

1988 మే 21వ తేదీ. స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలో ‘మౌండ్’ అని పిలువబడే మిట్ట మీద స్కాట్లండ్ చర్చి మహాసభ కొలువుతీరి ఉన్నది. ఆనాడు వేదిక మీద నిలిచి బైబిలు వాక్యాలకు భాష్యం చెప్పినది మతాచార్యుడు కాడు. బ్రిటన్ ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్.

ఆమె చెప్పినదాని సారాంశం ఇది: పొరుగువానికి సాయపడవలసిన బాధ్యత పార్లమెంటు చేసే చట్టాల నుంచి పుట్టదు, మనిషి విశ్వాసం నుంచి పుడుతుంది. పనిచేయనొల్లనివాడు తిండికి అర్హుడు కాడని పౌలు థెస్సలొనీక సంఘానికి వ్రాసిన లేఖలో హెచ్చరించాడు. సంపదను సృష్టించడం పాపం కాదు; ధనాన్ని ధనం కోసమే ప్రేమించడం పాపం. ప్రజల బరువంతా తానే మోస్తానని ప్రభుత్వం ముందుకు వస్తే, వ్యక్తికి తన బాధ్యత తనకు గుర్తుండదు.

సభ మర్యాదగానే విన్నది. ప్రసంగం ముగిసిన తరువాత సభాధ్యక్షుడు జేమ్స్ వైట్ ఆమెకు కృతజ్ఞతలు తెలిపి, గృహవసతి గురించీ పేదరికం గురించీ తమ చర్చి తయారుచేసిన నివేదికలను ఆమె చేతికి అందించాడు. ఒక్క పరుషవాక్యమైనా లేకుండా చెప్పిన జవాబు అది.

ఏసు చేసిన ‘కొండమీది ప్రసంగా’న్ని ఇంగ్లీషులో ‘సెర్మన్ ఆన్ ది మౌంట్’ అంటారు. పత్రికలవారు చివరి అక్షరం ఒక్కటి మార్చి, థాచర్ ఉపన్యాసానికి ‘సెర్మన్ ఆన్ ది మౌండ్’ అని పేరు పెట్టారు. ఆ పేరే చరిత్రలో నిలిచిపోయింది.

ఆ ఉపన్యాసానికి రెండు నెలల ముందు, మార్చి 15న, ఆర్థికమంత్రి నైజెల్ లాసన్ తన బడ్జెట్టులో అత్యధిక ఆదాయాల మీది పన్నును నూటికి 60 నుంచి 40కి తగ్గించాడు. 1979లో థాచర్ అధికారానికి వచ్చేనాటికి అది 83గా ఉండేది. ఎడిన్‌బరోలో ఆమె మతాన్ని గురించి మాట్లాడుతున్నా, వినేవారికి ఈ అంకెలు కూడా చెవిలో ధ్వనిస్తూనే ఉన్నాయి.

దుకాణం మీది ఇల్లు

థాచర్ మతాన్ని ఎన్నికల కోసం ధరించిన వేషంగా కొట్టివేయడం సులభం. కాని అది అన్యాయం. ఆమె 1925లో గ్రాంథమ్ అనే చిన్న పట్టణంలో, కిరాణా దుకాణం పై అంతస్తులోని ఇంట్లో పుట్టింది. తండ్రి ఆల్‌ఫ్రెడ్ రాబర్ట్స్ పగలు పంచదార, టీ తూచి అమ్మేవాడు. ఆదివారాలు మెథడిస్టు ప్రార్థనా మందిరాలలో బోధించేవాడు. ఆయన దృష్టిలో ఆ రెండూ వేర్వేరు పనులు కావు. అప్పు చేయకపోవడం, కాలాన్ని వృథా చేయకపోవడం, చేసిన కష్టాన్ని బట్టి కూడబెట్టుకోవడం, కూడబెట్టినదానిలో లేనివారికి ఇంత పెట్టడం — ఇదంతా కలిసి ఒకే నీతి.

ఆ నీతికి మూలపురుషుడు 18వ శతాబ్దపు జాన్ వెస్లీ. ధనాన్ని ఎలా వినియోగించాలనే విషయమై ఆయన చేసిన ప్రసిద్ధ ప్రసంగంలో మూడు విధులున్నాయి: సంపాదించడం, పొదుపు చేయడం, దానం చేయడం. మూడింటిలోనూ శక్తివంచన ఉండకూడదు. వెస్లీ తన జీవితంలో మూడవ విధినే అందరికంటె కఠినంగా పాటించాడు. అయితే మొదటి రెండూ పాటించినవాడు ధనికుడవుతాడు. ధనికుడైనవాడు మూడవదాన్ని మరచిపోవచ్చు. ఈ ప్రమాదం తన శిష్యులకు కూడా తప్పదేమోనని ఆయన వృద్ధాప్యంలో బాధపడ్డాడు.

1980 జనవరిలో ఒక టెలివిజన్ సంభాషణలో థాచర్ ఈ నీతికి తనదైన ఉదాహరణ ఇచ్చింది. దొంగలు కొట్టి పడవేసిన బాటసారిని ఆదుకున్న మంచి సమరయుని కథ ఎవరికి తెలియదు? అతనికి సదుద్దేశం మాత్రమే ఉండి ఉంటే లోకం అతనిని గుర్తుంచుకునేదే కాదనీ, అతని దగ్గర డబ్బు కూడా ఉన్నదనీ ఆమె అన్నది. మాట చిన్నదే. కాని కన్సర్వేటివుల ఆర్థిక నీతిశాస్త్రమంతా అందులో ఇమిడి ఉన్నది: ముందు సంపద, తరువాత దయ.

మరొక బాట

ఇంగ్లండ్ చర్చిని ‘ప్రార్థన చేస్తున్న టోరీ పార్టీ’ అని పరిహసించే నానుడి ఒకటి ఆ దేశంలో చాలాకాలంగా ఉన్నది. భూస్వామి ముందు వరుసలో, కౌలుదారు వెనుక వరుసలో కూర్చునే పల్లెటూరి చర్చి దృశ్యం అందుకు కారణం. కాని 20వ శతాబ్దంలో ఆ చర్చిలోనే మరొక ధార బలపడింది. చరిత్రకారుడు ఆర్. హెచ్. టానీ 1926లో ప్రకటించిన ‘రెలిజియన్ అండ్ ది రైజ్ ఆఫ్ క్యాపిటలిజం’ అనే గ్రంథంలో, వ్యాపారాన్ని నీతి విచారణ నుంచి తప్పించడం క్రైస్తవ లోకంలో ఇటీవలి పరిణామమేననీ, మధ్యయుగాల చర్చి వడ్డీని గురించీ న్యాయమైన ధరను గురించీ తీర్పులు చెప్పేదనీ నిరూపించాడు.

టానీ మిత్రుడు విలియం టెంపుల్ 1942లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యాడు. అదే సంవత్సరం ఆయన వ్రాసిన ‘క్రిస్టియానిటీ అండ్ సోషల్ ఆర్డర్’ అనే చిన్న పుస్తకం విరివిగా అమ్ముడుపోయింది. అదే డిసెంబరులో బెవరిజ్ నివేదిక వెలువడింది. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమైంది. సంక్షేమ రాజ్యమనే పదాన్ని ఇంగ్లీషులో వ్యాప్తికి తెచ్చినవారిలో టెంపుల్ ఒకడు. ఆయన తరువాతి తరం బిషప్పులకు ఈ వ్యవస్థ క్రైస్తవ ధర్మానికి ఆచరణరూపంగా కనిపించింది. థాచర్‌కు అది ప్రజలను పరాధీనులను చేసే యంత్రంగా కనిపించింది. ఘర్షణ అనివార్యమైంది.

క్రికెటర్ బిషప్

1981లో లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లోను, లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్‌లోను అల్లర్లు చెలరేగాయి. 1982 జనవరి నాటికి నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. లివర్‌పూల్ రేవులో ఓడలు తగ్గాయి. ఫ్యాక్టరీలు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఆ నగరాన్ని క్రమంగా క్షీణించనివ్వడమే మేలేమోనని ఆనాటి ఆర్థికమంత్రి జెఫ్రీ హౌ థాచర్‌కు వ్రాసినట్లు 2011 చివర వెల్లడైన ప్రభుత్వ పత్రాల వల్ల తెలిసింది.

ఆ లివర్‌పూల్‌కు 1975 నుంచి బిషప్‌గా ఉన్నవాడు డేవిడ్ షెపర్డ్. పాత తరం క్రికెట్ అభిమానులు ఈ పేరును మరచి ఉండరు. 1952లో ఓవల్ మైదానంలో భారత జట్టు మీద 119 పరుగులు తీసిన ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ అతడే. దీక్ష పుచ్చుకున్న తరువాత కూడా టెస్టులు ఆడాడు. వర్ణవివక్ష కారణంగా 1960లో దక్షిణాఫ్రికా జట్టుతో ఆడటానికి నిరాకరించాడు. లివర్‌పూల్‌లో ఆయన రోమన్ కాథలిక్ ఆర్చిబిషప్ డెరెక్ వర్లాక్‌తో చేయి కలిపి, మతకక్షలకు పేరుపడిన నగరంలో నిరుద్యోగుల పక్షాన ఒకే గొంతుతో మాట్లాడాడు. దేవుడు పేదల పక్షపాతి అనేది 1983లో ఆయన వ్రాసిన పుస్తకం సారాంశం.

అదే 1983లో ఆర్చిబిషప్ రాబర్ట్ రన్సీ నగరాలలోని పేదపేటల పరిస్థితిని పరిశీలించడానికి ఒక కమిషన్‌ను నియమించాడు. ఆ మరుసటి ఏడు బొగ్గుగని కార్మికుల సమ్మె దేశాన్ని కుదిపివేసింది. 1984 సెప్టెంబరులో డర్హమ్ బిషప్‌గా పీఠమెక్కిన డేవిడ్ జెంకిన్స్ తన తొలి ప్రసంగంలోనే ప్రభుత్వం రాజీకి రావాలనీ, బొగ్గు బోర్డు అధ్యక్షుడు తప్పుకోవాలనీ కోరి సంచలనం సృష్టించాడు.

1985 డిసెంబరులో కమిషన్ నివేదిక ‘ఫెయిత్ ఇన్ ది సిటీ’ వెలువడింది. అందులో 61 సిఫారసులున్నాయి. వాటిలో 38 చర్చికి చెప్పినవే: తన సొంత ఆస్తినీ సిబ్బందినీ పేద పారిష్‌లకు మళ్ళించుకోవాలి, నల్లజాతి విశ్వాసులకు బాధ్యతాస్థానాలు ఇవ్వాలి వగైరా. మిగిలిన 23 ప్రభుత్వానికీ జాతికీ ఉద్దేశించినవి: స్థానిక సంస్థలకు నిధులు పెంచాలి, అద్దె ఇళ్ళు కట్టించాలి, పిల్లల భత్యం పెంచాలి. గృహఋణాల వడ్డీ మీద ఉన్నవారికి లభిస్తున్న పన్ను రాయితీని కూడా పునఃపరిశీలించమన్నది.

నివేదిక ఇంకా విడుదల కాకుండానే, పేరు చెప్పని మంత్రి ఒకరు ఇది శుద్ధ మార్క్సిస్టు దైవశాస్త్రమని పత్రికలతో అన్నాడు. ఆ నింద నివేదికకు మేలే చేసింది. మామూలుగా అల్మారాలలో దుమ్ము కొట్టుకుపోవలసిన చర్చి పత్రం చేతులు మారుతూ చదవబడింది. పేదపేటలలోని కార్యక్రమాలకు ధనసహాయం చేయడానికి 1987లో ‘చర్చ్ అర్బన్ ఫండ్’ అనే నిధి కూడా ఏర్పడింది.

వాదం, ప్రతివాదం

కన్సర్వేటివుల వాదాన్ని దాని పూర్తి బలంతో వినడం అవసరం. మొదటిది: బలవంతంగా చేయించిన దానం దానం కాదు. పన్ను కట్టినవానికి పుణ్యం లేదు. పుచ్చుకున్నవానికి కృతజ్ఞత లేదు. రెండవది: నెలనెలా వచ్చే భత్యం మనిషిని అదే స్థితిలో ఉంచివేస్తుంది. 1984లో డిగ్బీ ఆండర్సన్ సంపాదకత్వాన వచ్చిన వ్యాససంపుటికి ‘చంపే దయ’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మూడవది: బిషప్పులకు వేదాంతం తెలుసు గాని ద్రవ్యోల్బణం తెలియదు. ధరలు అదుపు తప్పితే ముందు చితికిపోయేది చిన్న పొదుపుదారైన వృద్ధురాలే కదా!

ఈ వాదానికి మద్దతు అనుకోని దిక్కు నుంచి వచ్చింది. యూదుల ప్రధాన మతగురువు ఇమాన్యుయెల్ జాకోబొవిట్స్ 1986లో చర్చి నివేదికకు సమాధానంగా ఒక పత్రం వ్రాస్తూ, దిక్కులేని వలసదారులుగా వచ్చిన తన జాతివారు ప్రభుత్వ సాయంతో గాక విద్యతో, కాయకష్టంతో, కుటుంబ బలంతో పైకి వచ్చారని గుర్తుచేశాడు. థాచర్ దానిని మెచ్చుకున్నది. 1988లో ఆయన ప్రభువుల సభలో ప్రవేశించాడు.

బిషప్పుల సమాధానం కూడా తేలికైనది కాదు. పౌలు హెచ్చరించినది పనిచేయనొల్లని వారిని. లివర్‌పూల్‌లో పని కోసం బారులు తీరినవారిని కాదు. ఒకడు నిరుద్యోగి అయితే వాని స్వభావంలో లోపం వెదకవచ్చు. 30 లక్షల మంది ఒక్కసారిగా సోమరులయ్యారని ఎవరు నమ్ముతారు? పైగా ఆ నిరుద్యోగం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ద్రవ్యోల్బణాన్ని అణచడానికి ప్రభుత్వం ఎంచుకున్న విధానాల ఫలితంగా చాలా భాగం వచ్చింది. జాతి మేలు కోసం వారు ఉద్యోగాలు పోగొట్టుకున్నట్లయితే, ఆ నష్టాన్ని జాతి అంతా పంచుకోవద్దా?

ఇక సమరయుని కథకే తిరిగి వద్దాం. అతని దగ్గర డబ్బు ఉన్న మాట నిజం. పూటకూళ్ళవానికి రెండు దేనారాలు ఇచ్చినట్లు లూకా సువార్త చెబుతున్నది. కాని అతనికంటె ముందు అదే దారిన పోయిన యాజకుడూ లేవీయుడూ నిరుపేదలని ఆ కథలో ఎక్కడా లేదు. డబ్బు లేక వారు తప్పుకుపోలేదు. మరొక సంగతి: సమరయుడు రెండు దేనారాలతో చేతులు దులుపుకోలేదు. ఇంకా ఖర్చయితే తిరుగుప్రయాణంలో ఇస్తానని మాట ఇచ్చి వెళ్ళాడు. లెక్క కట్టకుండా ఇచ్చిన ఆ మాటను ఒక దేశం తన పౌరులకు ఇవ్వగలదా? ఇస్తే ఖజానా నిలుస్తుందా? ఇవ్వకపోతే నీతి నిలుస్తుందా? ఈ ప్రశ్న ముందు ఇరుపక్షాలూ తడబడ్డాయి.

ఒంగోలులో ఒకప్పుడు

ఈ వివాదానికి మన తెలుగు నేల మీద ఒక పూర్వరూపం కలదు. 1876–78 నాటి మహా కరువులో దక్షిణ భారతం స్మశానమైంది. మరణాలు అర కోటికి పైబడ్డాయని అంచనాలు. డిజ్రేలీ కన్సర్వేటివ్ ప్రభుత్వం పంపిన వైస్రాయి లిట్టన్, ధాన్యం వ్యాపారంలో జోక్యం కూడదనీ, సహాయం మీద ఖర్చు అదుపులో ఉండాలనీ పట్టుపట్టాడు. ఆయన ప్రతినిధిగా మద్రాసు రాష్ట్రానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులలో కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి చిల్లర చాలునని నిర్ణయించాడు. అంత తిండితో మట్టి మోసే మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ ఎదురుతిరిగాడు. చివరకు కూలి పెంచక తప్పలేదు.

ఆ సమయంలో ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. ఆయన బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని స్వయంగా కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ముఖ్యంగా మాదిగ కుటుంబాలకు అక్కడ పని, కూలి దొరికాయి. తిండి కోసం మతం మారారనే మాట రాకూడదని, కరువు పనులు సాగినంతకాలం ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తగ్గిన తరువాత, 1878 జూలై 3న ఒక్కరోజునే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందారు.

క్లౌ చేసిన పనిలో ఇరుపక్షాలవారికీ కావలసినది దొరుకుతుంది. పని ఇచ్చి కూలి ఇచ్చాడు, ఊరక పెట్టలేదు అని థాచర్ పక్షం అనవచ్చు. ఆ కాలువ ప్రభుత్వపు సొమ్ముతో తవ్వినది. ప్రభుత్వం పని పెట్టకపోతే ఆయన ఇవ్వడానికి పనే లేదు అని షెపర్డ్ పక్షం అనవచ్చు. రెండూ నిజమే.

చర్చి ఖజానా

థాచర్ 1990 నవంబరులో పదవి కోల్పోయింది. ధనికుడికీ పేదకూ తలకింతని ఒకే రీతిగా విధించిన ‘పోల్ టాక్స్’ అందుకు ఒక ముఖ్య కారణం. చర్చికి అది విజయం అనడానికి లేదు. దాదాపు అదే కాలంలో ఇంగ్లండ్ చర్చి ఆస్తులను నిర్వహించే కమిషనర్లు స్థిరాస్తి వ్యాపారంలో అతిగా పెట్టుబడి పెట్టి సుమారు 80 కోట్ల పౌన్లు నష్టపోయారు. మార్కెట్టును విమర్శించిన చర్చి, అదే మార్కెట్టులో తన అర్చకుల జీతాల నిధిని పోగొట్టుకున్నది!

పాత వాదం కొత్త శతాబ్దంలో కొత్త పేర్లతో కొనసాగింది. 2012 జనవరిలో కుటుంబ భత్యాలకు సంవత్సరానికి 26,000 పౌన్ల గరిష్ఠ పరిమితి పెట్టబోయినప్పుడు, పిల్లల భత్యాన్ని ఆ లెక్క నుంచి మినహాయించాలని బిషప్పులు ప్రభువుల సభలో సవరణ తెచ్చి నెగ్గారు. కామన్స్ సభ దానిని తోసిపుచ్చింది. మాజీ ఆర్చిబిషప్ జార్జి కేరీ ప్రభుత్వాన్నే సమర్థించాడు. కనుక చర్చి అంతా ఒక పక్షమనుకోవడం పొరపాటు.

2013 జూలైలో ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ, అధిక వడ్డీకి చిన్న అప్పులిచ్చే వొంగా అనే కంపెనీని సహకార పరపతి సంఘాల ద్వారా పోటీ చేసి వ్యాపారం నుంచి తప్పిస్తానని ప్రకటించాడు. మరునాడే ఆ కంపెనీలో చర్చికి పరోక్షంగా పెట్టుబడి ఉన్నట్లు బయటపడింది. ఆయన సిగ్గుపడుతున్నానని బహిరంగంగా ఒప్పుకున్నాడు. 2014 ఫిబ్రవరిలో కాథలిక్ ఆర్చిబిషప్ విన్సెంట్ నికోల్స్ భత్యాల కోతను ఖండించగా, ప్రధాని డేవిడ్ కామెరాన్ తన సంస్కరణలు కూడా నైతిక లక్ష్యంతోనే సాగుతున్నాయని సమాధానమిచ్చాడు. ఇద్దరూ వాడినది నీతి భాషే.

ఈ చరిత్రలో అన్నిటికంటె ఆలోచింపజేసే సాక్ష్యం లేబర్ ఎంపీ ఫ్రాంక్ ఫీల్డ్ చెప్పినది. పార్టీలు వేరైనా ఆయనకు థాచర్‌తో స్నేహం ఉండేది. మీ పాలనలో మీకు మిగిలిన విచారం ఏమిటని ఆయన ఆమెను ఒకసారి అడిగాడట. పన్నులు తగ్గించాను, ఇచ్చే గుణమున్న సమాజం ఏర్పడుతుందనుకున్నాను, ఏర్పడలేదు అనే భావంతో ఆమె జవాబిచ్చిందని ఆయన చెప్పాడు. వెస్లీ వృద్ధాప్యంలో పడ్డ బాధే ఇది. సంపాదన, పొదుపు పెరిగాయి. మూడవ విధి వెనుకబడింది.

ఒక తెలుగు మాట

ఇంగ్లీషులో ఈ వివాదమంతా రెండు వేర్వేరు పదాల చుట్టూ తిరుగుతుంది: ‘చారిటీ’, ‘జస్టిస్’. పేదవానికి ఇచ్చేది మొదటిదైతే అది దాత ఇష్టం. రెండవదైతే అది పేదవాని హక్కు. థాచర్ మొదటి పదాన్ని పట్టుకున్నది. బిషప్పులు రెండవదాన్ని పట్టుకున్నారు.

అనువాదం చేసేవానికి ఇక్కడ తెలుగులో ఒక చిక్కు వస్తుంది. మన భాషలో ఈ రెండింటికీ చెల్లే మాట ఒకటున్నది: ధర్మం. బిచ్చగాడు గుమ్మం ముందు నిలిచి “ధర్మం చేయండి బాబూ” అన్నప్పుడు అది భిక్ష. న్యాయమూర్తి కూర్చున్నచోటు ధర్మాసనం అన్నప్పుడు అది న్యాయం. హీబ్రూ భాషలోని ‘సెదాకా’ అనే పదం కూడా ఇలాంటిదే. యూదులకు దానమూ నీతీ రెండూ అందులోనే ఉన్నాయి. ఏసు పెరిగినది ఆ సంప్రదాయంలోనే. దానం, న్యాయం రెండు అరలలోకి విడిపోయిన తరువాత వచ్చిన తగవు ఇది.

అయితే ఒకే మాట ఉన్నంత మాత్రాన మనం ఈ తగవుకు అతీతులమని గర్వించనక్కరలేదు. మన ఊళ్ళలో ప్రభుత్వ ఆసుపత్రిని పాతకాలపువారు ధర్మాసుపత్రి అనేవారు. పన్ను కట్టే ప్రజల సొమ్ముతో నడిచే ఆ ఆసుపత్రి గుమ్మంలో నిలబడిన రోగి, దొరవారి దయకోసం వచ్చినవాడిలా చేతులు కట్టుకునేవాడు. అక్కడ అతనికి అందే మందు భిక్షా, హక్కా అన్నది పలకమీద వ్రాసిన పేరును బట్టి తేలలేదు. లోపల అతనితో మాట్లాడిన తీరును బట్టే తేలింది. బ్రిటన్‌లో ప్రధానమంత్రీ బిషప్పులూ పోట్లాడుకున్నది ఆ తీరు గురించే. దానికి బైబిలులో జవాబు ఉన్నదని ఇరువురూ నమ్మారు. ఆ జవాబును బడ్జెట్టు పద్దులలోకి అనువదించవలసి వచ్చినప్పుడే విడిపోయారు.